తీసిన చేతికే హక్కు: రాబర్ట్ కాపా, మాగ్నమ్ ఫొటో సంస్థ కథ

పొద్దున్నే పేపరు విప్పగానే మన చూపు ముందు ఫొటో మీద పడుతుంది. ఆ తరువాతే వార్త మీదికి పోతుంది. ఫొటో కింద చిన్న అక్షరాలలో ఉండే పేరును మాత్రం మనలో చాలామంది పట్టించుకోము. ఒకప్పుడు ఆ పేరు కూడా ఉండేది కాదు. ప్రాణాలకు తెగించి యుద్ధరంగంలో ఫొటో తీసినవాడికి ఇంత అని కూలి ముట్టేది, అంతటితో సరి. ఫొటో పత్రికది, నెగటివ్ పత్రికది, దాని మీద ఆ తరువాత వచ్చే ఆదాయం కూడా పత్రికదే. ఈ పద్ధతిని మార్చాలని పట్టుబట్టి, 1947లో కొందరు ఫొటోగ్రాఫర్లు కలిసి తామే యజమానులుగా ఒక సంస్థ పెట్టుకున్నారు. అదే మాగ్నమ్ ఫొటోస్. ఆ ఆలోచనకు ప్రాణం పోసినవాడు రాబర్ట్ కాపా. నలభై ఏళ్లకే కన్నుమూసిన ఆయన జీవితాన్ని, ఆయన వదిలి వెళ్లిన సంస్థ చరిత్రను మన సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దర్జీ ఇంటి బిడ్డ

కాపా అసలు పేరు ఎండ్రే ఫ్రీడ్మన్. 1913 అక్టోబరు 22న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు బట్టలు కుట్టే దుకాణం నడిపేవారు. ముగ్గురు అన్నదమ్ములలో ఇతను నడిమివాడు. తల్లి జూలియా కష్టజీవి, ఇంటి బరువు మోసిన మనిషి. కొడుకు ఎక్కడెక్కడ తిరిగినా ఆమె ప్రస్తావన ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లో హంగేరీలో నియంతృత్వ పాలన సాగుతోంది. యూదులంటే ద్వేషం ప్రభుత్వంలోనే ఉండేది. పదిహేడేళ్ల ఎండ్రే వామపక్ష విద్యార్థులతో తిరుగుతున్నాడని 1931లో పోలీసులు పట్టుకుపోయి కొట్టారు. దేశం విడిచిపోతే తప్ప బతుకు లేదని తేలిపోయింది. ఆ ఏడాదే బెర్లిన్ చేరి జర్నలిజం చదువులో చేరాడు. ఇంటినుంచి డబ్బు రావడం ఆగిపోయేసరికి డెఫాట్ అనే ఫొటో ఏజెన్సీలో చీకటి గదిలో సహాయకుడిగా కుదిరాడు. ఫిల్ములు కడగడం, ప్రింట్లు ఆరబెట్టడం అతని పని. భాష రాని దేశంలో కలం పట్టి బతకలేడు. కెమెరాకు భాషతో పని లేదు. అతను ఫొటోగ్రాఫర్ కావడానికి అసలు కారణం ఇదే.

1932 నవంబరులో రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ కోపెన్‌హాగన్‌లో ఉపన్యసించాడు. ఏజెన్సీలో అప్పటికి వేరే మనిషి దొరకక ఈ కుర్రవాణ్ని పంపారు. పెద్ద పెద్ద కెమెరాలవాళ్లకు అనుమతి లేదట. ఇతను జేబులో పట్టే లైకా కెమెరాతో వేదిక దగ్గరదాకా వెళ్లి ఫొటోలు తీశాడు. ఒక జర్మన్ పత్రిక వాటిని నిండు పేజీలో వేసింది. అప్పటికి అతని వయస్సు పంతొమ్మిది. అయితే ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. 1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఎండ్రే మళ్లీ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది.

పేరు మార్చుకున్న కుర్రవాడు

ఈసారి పారిస్ చేరాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. కెమెరాను తాకట్టు పెట్టడం, నాలుగు డబ్బులు రాగానే విడిపించుకోవడం, ఇలా రోజులు గడిచేవి. అక్కడే ఇద్దరు మిత్రులు దొరికారు. ఒకరు పోలెండ్ నుంచి వచ్చిన డేవిడ్ షిమిన్. అందరూ షిమ్ అని పిలిచేవారు, తరువాతి కాలంలో డేవిడ్ సేమూర్ అని పేరు మార్చుకున్నాడు. నెమ్మదస్తుడు, పుస్తకాల పురుగు. రెండవ వ్యక్తి హెన్రీ కార్టియర్ బ్రెస్సన్, ఫ్రెంచి సంపన్న కుటుంబంలో పుట్టినవాడు, చిత్రలేఖనం నేర్చినవాడు. ముగ్గురి స్వభావాలు మూడు దారులు. అయినా ఆ స్నేహమే పన్నెండేళ్ల తరువాత మాగ్నమ్‌కు పునాది అయింది.

జర్మనీనుంచి పారిపోయి వచ్చిన గెర్డా పోహోరిల్ అనే యువతి కూడా 1934లో అతనికి పరిచయమైంది. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆమెకు ఇతను కెమెరా పట్టడం నేర్పాడు. ఇతనికి ఆమె వ్యవహారం నేర్పింది. శరణార్థి కుర్రవాడు తీసిన ఫొటోలకు ధర పలకడం లేదని 1936లో ఇద్దరూ ఒక ఉపాయం పన్నారు. రాబర్ట్ కాపా అనే గొప్ప అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఉన్నాడనీ, అతని ఫొటోలు తాము అమ్మిపెడుతున్నామనీ ప్రచారం చేశారు. లేని మనిషి పేరు చెప్పి మామూలు ధరకు మూడింతలు అడిగేవారని చెబుతారు. గుట్టు ఎంతోకాలం దాగలేదు. కానీ పేరు మాత్రం నిలిచిపోయింది. ఎండ్రే ఫ్రీడ్మన్ రాబర్ట్ కాపా అయ్యాడు. ఆమె తన పేరును గెర్డా టారోగా మార్చుకుంది.

స్పెయిన్ నేర్పిన పాఠం

1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. కాపా, టారో ఇద్దరూ ప్రజా ప్రభుత్వం పక్షాన ఉన్న సైనికుల వెంట తిరిగి ఫొటోలు తీశారు. ఆ సెప్టెంబరులో కాపా తీసిన ఒక ఫొటో ప్రపంచ ప్రసిద్ధమైంది. గుండు తగిలి వెనక్కి ఒరుగుతున్న సైనికుడి ఫొటో అది. ఫ్రాన్స్‌లో వూ పత్రిక, మరుసటి ఏడాది అమెరికాలో లైఫ్ పత్రిక దానిని ప్రచురించాయి. ఆ ఫొటో నిజంగా యుద్ధంలో తీసిందా, లేక సైనికులతో అభినయింపజేసి తీసిందా అన్న వాదం 1970లనుంచి ఇప్పటివరకు తెగలేదు. వెనుక కనిపించే కొండల ఆధారంగా, ముందు అనుకున్న చోటు కాక ఎస్పేహో అనే ఊరి దగ్గర తీసిందని 2009లో స్పెయిన్ పరిశోధకుడు ఒకరు చూపించారు. నెగటివ్ దొరకలేదు. ఫొటోకు ముందూ వెనకా ఉన్న ఫొటోలు వరుసగా భద్రపరచి ఉంటే, తేదీ, చోటు రాసిపెట్టి ఉంటే ఈ సందేహానికి తావు ఉండేది కాదు.

1937 జూలైలో బ్రునేటే యుద్ధంలో సైన్యం వెనుదిరుగుతున్న గందరగోళంలో టారో ఒక కారు అంచున నిలబడి వస్తుండగా ట్యాంకు ఢీకొంది. ఆమె మరునాడు మరణించింది. ఇంకా ఇరవై ఏడు నిండలేదు. కాపా అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. ఆ దెబ్బనుంచి అతను పూర్తిగా తేరుకోలేదని దగ్గరివారు అనుకునేవారు. ఆమె తీసిన ఫొటోలు చాలావాటికి కాపా పేరే పడింది. ఆమె పేరు దశాబ్దాలపాటు మరుగున పడిపోయింది.

ఆ దుఃఖంతోనే 1938లో చైనా వెళ్లి జపాన్ దాడిని చిత్రించాడు. తిరిగి స్పెయిన్ వచ్చాడు. ఆ డిసెంబరులో లండన్‌లోని పిక్చర్ పోస్ట్ అనే పత్రిక అతన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప యుద్ధ ఫొటోగ్రాఫర్‌గా పరిచయం చేసింది. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్లు.

నార్మండీ తీరంలో

రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యాక కాపా అమెరికా చేరుకున్నాడు. తల్లి, తమ్ముడు కార్నెల్ అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. హంగేరీ శత్రుపక్షంలో చేరడంతో కాగితాల మీద కాపా కూడా శత్రుదేశస్థుడే. అయినా అనుమతులు సంపాదించి ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ యుద్ధరంగాలు తిరిగాడు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో మిత్రసైన్యాలు దిగినప్పుడు, ఒమాహా అని పేరు పెట్టిన ఒడ్డున సైనికులతోపాటు తానూ నీళ్లలోకి దిగాడు. గుండ్ల వర్షంలో అతను తీసిన ఫొటోలలో మిగిలినవి పదో పదకొండో మాత్రమే. లండన్‌లో చీకటి గదిలో ఫిల్మును తొందరగా ఆరబెట్టబోతే వేడికి కరిగిపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. అసలు తీసినవే అన్ని అయి ఉండవచ్చునని 2014 తరువాత కొందరు పరిశోధకులు వాదించారు.

లైఫ్ పత్రిక వాటిని ప్రచురిస్తూ, ఫొటో మసకగా ఉండటానికి కారణం ఆ ఉద్వేగంలో ఫొటోగ్రాఫర్ కెమెరా కదిపివేయడమేనని కింద రాసింది. ఆ మాట రాసినవారు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో బల్ల ముందు కూర్చున్నవారు. ఫొటో తీసినవాడిని అడిగినవారు లేరు. కాపా దీనికి తన పద్ధతిలో జవాబిచ్చాడు. 1947లో వచ్చిన తన యుద్ధ జ్ఞాపకాల పుస్తకానికి స్లైట్లీ ఔట్ ఆఫ్ ఫోకస్ అని, అంటే కాస్త మసకగా ఉందనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

మాగ్నమ్ పుట్టుక

యుద్ధం ముగిసింది. మిత్రులు ఒక్కొక్కరుగా కలుసుకున్నారు. ఎవరి గాయం వారిది. షిమ్ తల్లిదండ్రులను పోలెండ్‌లో నాజీలు చంపివేశారు. కార్టియర్ బ్రెస్సన్ జర్మన్ల చెరలో దాదాపు మూడేళ్లు గడిపి, రెండుసార్లు విఫలమై మూడవసారి తప్పించుకున్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ రోడ్జర్ 1945లో బెల్సెన్ నిర్బంధ శిబిరంలో శవాల కుప్పలను ఫొటో తీస్తూ, వాటిని అందంగా అమర్చి చూస్తున్న తన కన్నును చూసి తానే భయపడ్డాడు. ఇక యుద్ధం జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు.

1947 వసంతంలో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం భోజనశాలలో కాపా తన ఆలోచనకు రూపం ఇచ్చాడు. కాపా, కార్టియర్ బ్రెస్సన్, షిమ్, రోడ్జర్, అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం వాండివర్ట్ స్థాపక సభ్యులు. విలియం భార్య రీటా వాండివర్ట్ మొదటి అధ్యక్షురాలు. పారిస్ ఆఫీసు బాధ్యత మరియా ఐస్నర్‌ది. పారిస్‌లో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి ఆఫీసులు తెరిచారు. లాటిన్ భాషలో మాగ్నమ్ అంటే గొప్పది అని అర్థం. పెద్ద షాంపేన్ సీసాను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. విందు, స్నేహం అంటే ప్రాణం పెట్టే కాపాకు రెండు అర్థాలూ నచ్చి ఉంటాయి.

ప్రపంచాన్ని వీరు పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. షిమ్‌కు యూరప్, కార్టియర్ బ్రెస్సన్‌కు భారతదేశంతో సహా ఆసియా, రోడ్జర్‌కు ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, వాండివర్ట్‌కు అమెరికా. కాపాకు హద్దు లేదు, ఎక్కడికైనా వెళ్లవచ్చు.

సంస్థ పని చేసిన తీరు

మన సహకార సంఘాలను ఎరిగినవారికి మాగ్నమ్ సూత్రం సులభంగా అర్థమవుతుంది. సభ్యులే యజమానులు. ఫొటో మీద హక్కు తీసినవాడిదే, నెగటివ్ అతనిదే. పత్రికకు ఒకసారి ప్రచురించుకునే హక్కు మాత్రమే ఇస్తారు. ఒక దేశంలో అచ్చయిన కథనాన్నే మరో దేశంలోని పత్రికకు కూడా ఇచ్చుకోవచ్చు. కొరియా గురించో ఈజిప్టు గురించో ఒకసారి కష్టపడి తీసిన ఫొటోలు లండన్, పారిస్, మిలాన్, న్యూయార్క్ పత్రికలన్నిటిలో రావడానికి ఇది దారి తీసింది. వచ్చిన రాబడిలో కొంత వాటా ఆఫీసు ఖర్చులకు పోతుంది, మిగతాది ఫొటోగ్రాఫర్‌కు చెందుతుంది.

పని ఇలా నడిచేది. ఫొటోగ్రాఫర్ దూరదేశంనుంచి ఫిల్ము రీళ్లను, వాటితోపాటు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు రాసిన కాగితాలను ఆఫీసుకు పంపుతాడు. అక్కడ ఫిల్ము కడిగి, ఒక రీలులోని ఫొటోలన్నీ ఒకే కాగితం మీద చిన్నచిన్నగా కనిపించేలా ప్రింటు వేస్తారు. దాన్ని కాంటాక్ట్ షీటు అంటారు. భూతద్దంతో చూసి, మంచివాటికి మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, వాటినే పెద్దవి చేస్తారు. ప్రతి ప్రింటు వెనుక ఫొటోగ్రాఫర్ పేరు, సంస్థ ముద్ర, వివరాలు ఉంటాయి. ఆ వివరాలకు విరుద్ధంగా పత్రిక రాయకూడదు. కార్టియర్ బ్రెస్సన్ అయితే తన ఫొటో అంచులు కత్తిరించడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు.

మొదటి పెద్ద పనులలో ఒకటి 1948లో ఒక అమెరికన్ మహిళా పత్రిక కోసం చేసినది. పన్నెండు దేశాలలో పన్నెండు రైతు కుటుంబాలు ఎలా వండుకుంటాయి, ఎలా పని చేస్తాయి, ఎలా నిద్రపోతాయి అని పక్కపక్కన పెట్టి చూపించారు. యుద్ధంలో శత్రువులైనవారు కూడా ఇళ్లలో ఒకలాంటి మనుషులేనని ఆ వరుస చెప్పకనే చెప్పింది. షిమ్ అదే ఏడాది యునిసెఫ్ కోసం యూరప్ అంతా తిరిగి యుద్ధంలో అనాథలైన పిల్లల ఫొటోలు తీశాడు. కాపా రచయిత జాన్ స్టైన్‌బెక్‌తో కలిసి 1947లో సోవియట్ యూనియన్ చూసివచ్చాడు. ఆ ప్రయాణం 1948లో పుస్తకంగా వెలువడింది.

కాపాలో లోపాలు లేకపోలేదు. జూదం, గుర్రప్పందాలంటే పిచ్చి. సంస్థ డబ్బును తన జేబు డబ్బులా వాడిన సందర్భాలున్నాయి. జీతాలివ్వవలసిన సమయానికి ఖజానా ఖాళీగా ఉండేది. పందెంలో గెలిస్తే ఆ డబ్బే మళ్లీ సంస్థకు వచ్చేది. మరోపక్క కొత్తవారిని వెతికి తెచ్చి, పనులు ఇప్పించి, ధైర్యం చెప్పి నిలబెట్టింది కూడా అతనే. స్విట్జర్లండ్‌కు చెందిన వెర్నర్ బిషోఫ్, ఆస్ట్రియావాసి ఎర్నెస్ట్ హాస్, ఈవ్ ఆర్నాల్డ్, ఇంగే మోరాత్ వంటివారు అతని కాలంలోనే వచ్చారు.

మన దేశంతో బంధం

మాగ్నమ్ తొలి ఏళ్లలోనే మన దేశంతో గట్టి బంధం ఏర్పడింది. 1948 జనవరి 30న కార్టియర్ బ్రెస్సన్ ఢిల్లీలో బిర్లా భవన్‌కు వెళ్లి గాంధీజీని కలిసి తన పుస్తకం చూపించాడు. అతను సెలవు తీసుకున్న కొద్దిసేపటికే గాంధీజీ హత్యకు గురయ్యారు. వెంటనే వెనక్కి వచ్చి, ఆ రాత్రి గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న దృశ్యాన్ని, మరునాటి అంతిమయాత్రను చిత్రించాడు. ఆ ఫొటోలే ప్రపంచమంతటికీ మన దుఃఖాన్ని చూపించాయి.

1950 ఏప్రిల్‌లో అతనే తిరువణ్ణామలై వచ్చి రమణ మహర్షిని చివరి రోజులలో దర్శించి ఫొటోలు తీశాడు. మహర్షి నిర్యాణం చెందిన ఏప్రిల్ 14 రాత్రి అతను అక్కడే ఉన్నాడు. మన ఇళ్లలో చాలామంది భక్తితో చూసుకునే ఆ ఆఖరి ఫొటోలలో కొన్ని అతను తీసినవేనన్న సంగతి అందరికీ తెలియదు. 1951లో వెర్నర్ బిషోఫ్ బీహారు కరువు ప్రాంతాలు తిరిగి తీసిన ఫొటోలను లైఫ్ పత్రిక ప్రచురించింది. 1977లో కార్టియర్ బ్రెస్సన్ ప్రతిపాదన మీద మన రఘు రాయ్ మాగ్నమ్‌లో చేరాడు. 1984 భోపాల్ దుర్ఘటన మీద ఆయన చేసిన కృషి జగద్విదితం.

చివరి అడుగు

యుద్ధ ఫొటోగ్రాఫర్‌గా తనకు పని లేని రోజు రావాలని కాపా కోరుకునేవాడు. ఆ కోరిక తీరలేదు. అమెరికాలో కమ్యూనిస్టు అనుమానాలు ముదిరిన 1953లో కొన్ని నెలలపాటు అతని పాస్‌పోర్టు నిలిపివేశారు. 1954 ఏప్రిల్‌లో ఒక జపాన్ పత్రికా సంస్థ ఆహ్వానం మీద టోక్యో వెళ్లాడు. అక్కడ పిల్లలను, గుడులను, వీధులను హాయిగా ఫొటోలు తీసుకుంటున్నాడు. అంతలో లైఫ్ పత్రికనుంచి కబురు వచ్చింది. ఇండో చైనాలో ఉన్న తమ ఫొటోగ్రాఫర్ బదులు కొద్దివారాలు వెళ్లగలవా అని. సంస్థకు డబ్బు అవసరం, తనకూ అవసరం. ఒప్పుకున్నాడు.

1954 మే 25న వియత్నాంలో థాయ్ బిన్ దారిలో ఫ్రెంచి సైనికుల వెంట వెళుతూ, వారు నడిచిపోతున్న దృశ్యం తీయడానికి రోడ్డు దిగి గడ్డిలోకి వెళ్లాడు. మందుపాతర మీద కాలు పడింది. నలభై ఏళ్ల వయస్సులో ఆ జీవితం ముగిసింది. దక్షిణ అమెరికాలోని పెరూ కొండలలో మే 16న కారు లోయలో పడి బిషోఫ్ మరణించిన వార్త కూడా సరిగ్గా అదే రోజు మాగ్నమ్ ఆఫీసుకు చేరింది. రెండేళ్లు తిరగగానే 1956 నవంబరు 10న, సూయజ్ యుద్ధంలో కాల్పుల విరమణ ప్రకటించిన నాలుగు రోజులకు, షిమ్ కూడా తుపాకీ గుండ్లకు బలయ్యాడు.

తమ్ముడు మోసిన బాధ్యత

కాపా మరణించిన ఏడాదే తమ్ముడు కార్నెల్ లైఫ్ పత్రికలో ఉద్యోగం వదులుకుని మాగ్నమ్‌లో చేరాడు. షిమ్ పోయాక అధ్యక్ష బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నాడు. వ్యవస్థాపకులే పోయిన సంస్థ మూతపడుతుందని అనుకున్నవారికి అది జరగలేదు. హక్కు సభ్యులదే కాబట్టి సభ్యులు నిలబడ్డారు, సంస్థ నిలబడింది. 2022లో మాగ్నమ్ డెబ్బై అయిదేళ్లు పూర్తిచేసుకుంది. కార్నెల్ 1974లో న్యూయార్క్‌లో అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కేంద్రం స్థాపించి, అన్న నెగటివ్‌లతోపాటు ఎందరివో భద్రపరిచాడు.

ఒక్క వెలితి మాత్రం అతన్ని వెంటాడింది. స్పెయిన్ యుద్ధకాలపు నెగటివ్‌లు 1939 తరువాత కనబడకుండాపోయాయి. జర్మన్లు పారిస్‌కు వస్తున్నారని తెలిసి, కాపా బాల్యమిత్రుడు, చీకటి గది సహాయకుడు చికీ వైస్ వాటిని సంచిలో వేసుకుని సైకిల్ మీద బోర్డో వరకు వెళ్లాడు. తరువాత అవి ఫ్రాన్స్‌లో ఉన్న మెక్సికో రాయబారి జనరల్ అగిలార్ చేతికి చేరి, ఆయన సామానుతో మెక్సికో వెళ్లాయి. విధి విచిత్రమేమిటంటే వైస్ కూడా మెక్సికో నగరంలోనే స్థిరపడి, ఆ పెట్టెలు అదే ఊళ్లో ఉన్నాయని తెలియకుండానే 2007 జనవరిలో మరణించాడు. ఆ డిసెంబరులో మూడు అట్టపెట్టెలు న్యూయార్క్ చేరాయి. లోపల దాదాపు 4,500 నెగటివ్‌లు, కాపావి, షిమ్‌వి, గెర్డా టారోవి. ఏది ఎవరు తీసిందో వరుస ప్రకారం తేల్చగలిగారు. కాపా పేరున చెలామణి అయిన కొన్ని ఫొటోలు టారోవని రుజువైంది. డెబ్బై ఏళ్ల తరువాత ఆమె పని ఆమెకు దక్కింది. ఎనభై తొమ్మిదేళ్ల కార్నెల్ ఆ పెట్టెలను కళ్లారా చూశాడు. అయిదు నెలలకు, 2008 మే 23న కన్నుమూశాడు.

ఈ కథ మనకు దూరదేశపుది కావచ్చు. అందులోని ధర్మం మాత్రం మనం ఎరిగినదే. చేసిన పనిమీద చేసినవాడికి హక్కు ఉంటుంది, పని ముగిసినంత మాత్రాన అది పోదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది కూడా ఈ ధర్మం మీదనే. ఆ తీర్పు ఒక్కరు అడిగితే రాలేదు, కలిసి అడిగితే వచ్చింది.

చివరగా సభ్యులకు ఒక మనవి. మన ట్రంకు పెట్టెల్లో పాత ఫొటోలు చాలా ఉంటాయి. ఆఫీసు వీడ్కోలు సభలు, యూనియన్ మహాసభలు, పెళ్లిళ్లు. వాటిలో ఉన్నవారిని పేరుపెట్టి చెప్పగలిగినవారు ఇప్పుడు మనమే. తీరిక చూసుకుని, మనవలను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి. తీసినవారు ఎవరో తెలిస్తే ఆ పేరు కూడా రాయండి.